లంబీ రేస్ సార్

సార్ పోయాడని గ్రౌండ్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను బళ్ళో ఆరో తరగతి పిల్లలకు బూట్ల లేసులు ఊడిపోకుండా కట్టుకోవడం నేర్పిస్తున్నాను. చూశాను. ఫోన్ జేబులో పెట్టుకుని మళ్ళీ లేసుల మీదికి వంగాను. సాయంత్రానికి గ్రూపు నిండా దండాల బొమ్మలు. ఒకరు లెజెండ్ అన్నారు. ఇంకొకరు, దూరపు పరుగుల ఆడపిల్లల జాతకం ఒక్క చూపుతో చెప్పగలిగిన మహానుభావుడు అన్నారు. ఆ మాట మాత్రం నిజం. ఆయన చెప్పింది జాతకమే. చిలక ఒక్కటే తక్కువ.

రెండో రోజు గ్రౌండ్ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. పైన సార్ ఫోటో, కింద పరుగెత్తుతున్న అమ్మాయిల బొమ్మలు. వాళ్ళ మధ్యలో స్రవంతి. ఆ పిల్ల గురించి సార్ ఏమన్నాడో తెలిసినవాళ్ళం నలుగురైదుగురం ఉంటాం. ఫ్లెక్సీ వేయించినవాళ్ళకు తెలియదు. సంతాప సభలో రెండు మాటలు మాట్లాడమని నన్ను అడిగారు. బళ్ళో పనుందని తప్పించుకున్నాను. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. ఆయన మాత్రం బతికున్నవాళ్ళ గురించి, అదీ పద్నాలుగేళ్ళ పిల్లల గురించి, వాళ్ళు పక్కనే ఉండగా ఏది తోస్తే అది మాట్లాడాడు. కాబట్టి నాకూ మొహమాటం లేదు.

నేను పద్మారావు నగర్‌లో ఒక హైస్కూల్లో పీఈటీ టీచర్ని. మా బడికి గ్రౌండ్ లేదు. వెనకాల సిమెంటు జాగా ఒకటుంది, దాంట్లో ప్రిన్సిపాల్ మేడం కారు నిలబెడతారు. అందుకని పరుగు మీద ఇష్టమున్న పిల్లల్ని సెలవు రోజుల్లో బస్సెక్కించి మౌలాలి వైపు ఒక గ్రౌండ్‌కు తీసుకుపోతాను. సార్ అక్కడే దొరికేవాడు. సిమెంటు మెట్ల మీద, నీడ పడే వైపు. తెల్ల టోపీ, ఫ్లాస్కులో చాయ్, సుద్ద పూసి మెరిపించిన కాన్వాసు బూట్లు. ఆ బూట్లు ట్రాక్ మీద పడగా నేను ఎన్నడూ చూడలేదు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయనకు ఆయాసం వచ్చేది. ఎక్కడ ఉద్యోగం చేసి రిటైరయ్యాడో, ఇంట్లో ఎవరున్నారో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆయన చెప్పేదంతా కాళ్ళ గురించే.

మెడలో బైనాక్యులర్ ఉండేది. మొదటిసారి దాన్ని మా పిల్లల వైపు తిప్పినప్పుడు నాకు ఒళ్ళు మండింది. మెట్ల దగ్గరికి పోయి, ఏం చూస్తున్నారు సార్ అని గట్టిగానే అడిగాను. ఆయన తడబడలేదు. బైనాక్యులర్ తీసి నా చేతికిచ్చి, మూడో పిల్ల ఎడమ మడమ చూడమన్నాడు. ఒక అద్దం పగిలి ఉంది. ఇంకో అద్దంలో మా పిల్ల మడమ, దాని మీద దుమ్ము. ఆయన చూపులో నేననుకున్న మురికి లేదు. ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. పోలీసులకు చెప్పి పంపించేదాన్ని. సంతలో పశువును చూసే చూపు మీద కంప్లెయింట్ ఎవరికిస్తాం?

పశువు కూడా కాదు, గుర్రం. వయసులో ఉన్నప్పుడు సార్ ఏ సీజనూ వదలకుండా మలక్‌పేట రేసులకు పోయేవాడట. ఆ బైనాక్యులర్ అప్పటిది, ఆ చదువూ అప్పటిదే. పరుగు అయిపోయి పిల్ల రొప్పుతూ వస్తే, నోరు మూసుకుని ముక్కుతో గాలి పీల్చమనేవాడు. ముక్కుపుటాలు ఎంత విప్పారుతున్నాయో వంగి చూసేవాడు. నచ్చిన పిల్లకు బెల్లం ముక్క పెట్టేవాడు. చేతికివ్వడు. అరచెయ్యి చాపి, వేళ్ళు నిటారుగా వెనక్కి వంచి, మధ్యలో ముక్క పెట్టి ముందుకు చాచేవాడు. గుర్రానికి అట్లా పెట్టకపోతే వేళ్ళు కొరుకుతుందట. పిల్లలు నవ్వుకుంటూ తీసుకునేవాళ్ళు. వాళ్ళకది ముచ్చట.

ఒకసారి అడిగాను, మీరు పందెం కాసిన గుర్రాలు గెలిచేవా సార్ అని. ఆయన నొచ్చుకున్నట్టు చూశాడు. “గెలుపు వేరే, గుర్రం వేరే టీచరమ్మా” అన్నాడు.

దూరం పోయే గుర్రాన్ని లంబీ రేస్ కా ఘోడా అంటారు కదా. మన సికింద్రాబాదులో ఆ మాటను మనుషులకూ వాడతాం. సార్ దాన్ని ఆడపిల్లలకే కేటాయించాడు. మగపిల్లల్లో ఏముంది, పదహారేళ్ళకు ఎట్లుంటే ఇరవై రెండుకు అంతకంటే గట్టిగానే ఉంటారు, దానికి చూపెందుకు అనేవాడు. ఆడపిల్లే అసలు పరీక్ష. తొమ్మిదో తరగతిలో గాలిలా ఉరికిన పిల్ల ఇంటర్‌కు వచ్చేసరికి ఎట్లుంటుందో ఇవాళ చెప్పగలగాలి. “ఇయ్యాల టైమింగ్ నాకెందుకు? గడియారం సుత చెప్తది అది” అనేవాడు. ఏ ఇద్దరు పిల్లలు కలిసి కనబడినా ఆయనకు చెయ్యి దురద. ఇది లంబీ రేస్, అది కాదు. ఇది ఆగుతది, అది పోతది. జల్ది పండింది జల్ది కుళ్తది.

ఇదంతా మెట్ల మీద పెద్దమనిషి కబుర్లుగా పోయేదే. కానీ చుట్టుపక్కల క్లబ్బులవాళ్ళు, అకాడమీలవాళ్ళు ఆయన మాట వినేవాళ్ళు. కారణం ఒకే ఒక్క పిల్ల. ఎప్పుడో, నేను రాకముందు, ఈమె పైకొస్తుంది అని సార్ ఒకమ్మాయిని చూపించాడట. ఆమె నిజంగానే మంచి రన్నర్ అయి, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకుంది. సార్ ఆ కథను వారం వారం చెప్పేవాడు. చెప్పినకొద్దీ ఆ పిల్ల వయసు తగ్గిపోయేది. నేను మొదటిసారి విన్నప్పుడు ఆయన ఆమెను పదో తరగతిలో కనిపెట్టాడు. రెండేళ్ళు గడిచేసరికి ఏడో తరగతిలోనే కనిపెట్టేశాడు. చివరి చివరికి పాల క్యాను పట్టుకుని పోతున్న పసిపిల్ల నడకలోనే చూశానన్నాడు. మరి ఆయన లంబీ రేస్ అన్నాక నిలవనివాళ్ళ సంగతేమిటి? కాదన్నాక ఇంటికి పోయినవాళ్ళ సంగతేమిటి? వాళ్ళెవరూ గ్రౌండ్‌కు వచ్చి సాక్ష్యం చెప్పరు కదా. పెళ్ళిళ్ళు చేసుకుని, ఉద్యోగాలు చేసుకుని, ఎక్కడో కూరగాయలు బేరమాడుతుంటారు. ఆయన పేరు అట్లా నిలబడింది.

కరోనా తర్వాత బళ్ళు తెరిచిన ఏడాది నా చేతికి ఇద్దరు పిల్లలు దొరికారు. ఒకే బడి, ఒకే తొమ్మిదో తరగతి, ఒకే బెంచీ. ఇద్దరూ మూడువేల మీటర్లు పరుగెత్తేవాళ్ళు. స్రవంతి వాళ్ళది బన్సీలాల్‌పేట్. తల్లికి మెట్ల బావి దగ్గర సందు మొగదల ఇస్త్రీ బండి ఉంది. అప్పట్లో ఆ బావిలోంచి ఇంకా మట్టి, చెత్త ఎత్తిపోస్తున్నారు. ఆ దుమ్ము ఇస్త్రీ చేసిన బట్టల మీద పడకుండా పాత చీర అడ్డం కట్టుకుని ఆమె పనిచేసేది. హాసిని వాళ్ళు గుంటూరు వైపు నుంచి వచ్చి పద్మారావు నగర్‌లో స్థిరపడ్డారు. తండ్రికి మెడికల్ షాపు. స్రవంతి పరుగు చూస్తే వెనక ఎవరో తరుముతున్నట్టుండేది. హాసినిది పక్షి నడక, నేల మీద బరువు వేసేది కాదు. ఆ ఏడాది ఇద్దరూ కలిసి ఉరికిన పోటీలన్నిటిలో స్రవంతే గెలిచింది. హాసిని వెన్నంటి వచ్చేది. వచ్చి, స్రవంతి సీసాలో నీళ్ళు తాగేది.

ఊరి బయట ఒక ప్రైవేటు అకాడమీ ఉండేది. హాస్టలు, తిండి, చదువు, శిక్షణ అన్నీ వాళ్ళవే. మా వైపు నుంచి ఒక్క పిల్లను తీసుకుంటామన్నారు. నేను ఇద్దరి పేర్లూ ఇచ్చాను. ఎవరన్నది సార్ చెప్తాడని అకాడమీ మేనేజరు అన్నాడు. సార్ పిల్లల్ని వారం రోజులు చూశాడు. చూసి, పిల్లల్తో పని కాదు, రేపటి ఒళ్ళు తల్లిలోనే కనబడుతుంది, తల్లుల్ని తీసుకురమ్మన్నాడు.

నేను కుదరదన్నాను. పరుగెత్తేది పిల్లలు సార్, వాళ్ళను పరుగెత్తించి చూసుకోండి అన్నాను. ఆయన నవ్వాడు. మేనేజరు మాత్రం, సార్ చూడకపోతే సీటు వేరే బడికి పోతుందన్నాడు. అట్లా ఒక ఆదివారం పొద్దున ఇద్దరు తల్లులూ మౌలాలి వచ్చారు.

హాసిని తల్లి పొడుగ్గా, సన్నగా ఉంటుంది. సార్ ఆమెకు కుర్చీ వేయించాడు. వాళ్ళమ్మ ఎట్లుండేది, అక్కచెల్లెళ్ళు ఎట్లుంటారు, మోకాళ్ళ నొప్పులున్నాయా, అన్నీ అడిగాడు. ఆమె ఓపిగ్గానే చెప్పింది. తర్వాత బస్సులో నా పక్కన కూర్చుని, “ఏంటండీ టీచర్ గారూ, పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇంతసేపు చూడలేదు” అంది.

స్రవంతి తల్లి మనిషి కొంచెం భారీ. పొద్దస్తమానం నిలబడే పని, కాళ్ళు వాచి ఉంటాయి. సార్ ఆమెకు కుర్చీ వేయించలేదు. నిలబెట్టే చూశాడు. పక్కకు తిరగమన్నాడు. ఎందుకో తెలియక ఆమె తిరిగింది. చిన్నప్పుడు సన్నగా ఉండేదానివా అని అడిగితే, ఉంటుంటి అంది. ఎప్పటి నుంచి లావైనవని అడిగాడు. తర్వాత, ఎన్నో తరగతిలో పెద్దమనిషివైనవని అడిగాడు. ఆమె నా మొహం చూసింది. ఆ ప్రశ్న వద్దు సార్ అన్నాను. డాక్టర్ అడిగితే చెప్తరు గద, నేనడిగితే తప్పా అన్నాడు.

ఆమె గొంతు పెంచలేదు. “సారూ, మీకు నౌకరీ ఇచ్చేటప్పుడు మీ అమ్మను నిలబెట్టి చూసిన్రా?” అంది. “ఉరికేది నా బిడ్డ. దాన్ని చూడుండ్రి. నన్ను చూసి ఏం జేస్తరు, నేను బట్టలకు ఇస్త్రీ జేస్త.”

సార్‌కు కోపం రాలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మెచ్చుకుంటున్నట్టు తలాడించి నా వైపు తిరిగాడు. “గుస్సా ఉంది. గుస్సా మంచిదే. గని నడుము చూసినవా?” అన్నాడు.

తీర్పు అక్కడే చెప్పేశాడు. స్రవంతి ఇవాళ గెలుస్తుంది, హాసిని రేపు గెలుస్తుంది, మీకు ఇవాళ కావాల్నా రేపు కావాల్నా అని మేనేజరును అడిగాడు. మేనేజరు రేపే కావాలన్నాడు. ఆ ప్రశ్నకు ఇవాళ కావాలని ఎవరంటారు? స్రవంతికి ఇంకో రెండేళ్ళు, ఆ తర్వాత నడుము దిగుతుంది, బరువవుతుంది, లంబీ రేస్ కాదు అన్నాడు. పిల్ల మెట్ల కింద కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. అంతా వింటోంది. ఆయన గొంతు తగ్గించలేదు. గుర్రాల ముందు ఎవరు గొంతు తగ్గిస్తారు?

ఆ రోజు బెల్లం ముక్క హాసినికి పెట్టాడు. స్రవంతికి పెట్టలేదు. అప్పటి నుంచి ఎప్పుడూ పెట్టలేదు.

మర్నాడు స్రవంతి టిఫిన్ డబ్బాలో ఎప్పుడూ ఉండే రెండు రొట్టెలకు బదులు మూడు, పక్కన గుడ్డు. పిల్ల తినకుండా కూర్చుంది. సాయంత్రం ఇస్త్రీ బండి దగ్గర ఆగి తల్లికి చెప్పాను. ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, “ఎట్లన్నా బరువైతదన్నడు గద మేడం. ఆకలికి సచ్చుకుంట ఎందుకు కావాలె? తిని కానీ” అంది. ఇంటికి పోయి పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని తినిపించిందట. ఆ తర్వాత డబ్బా ఎప్పుడూ ఖాళీగానే ఇంటికి వెళ్ళింది.

హాసిని అకాడమీకి పోయింది. మొదటి ఏడాది పేపర్లో ఫోటో పడింది, రెండుసార్లు. సార్ ఆ కత్తిరింపును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మెట్ల మీద అందరికీ చూపించేవాడు. సెలవు రోజుల్లో అకాడమీకి పోయి ఆ పిల్లకు ఒకటే మాట చెప్పేవాడట. గిట్లనే ఉండు, గ్రాము సుత పెరగొద్దు. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు తల్లి పప్పులో నెయ్యి వేస్తే, పైన తేలిన నెయ్యిని హాసిని చెంచాతో తీసి గిన్నె అంచుకు పూసిందట. రాత్రీ పగలూ తండ్రి షాపులోని బరువు మిషన్ ఎక్కి దిగుతోందట. పదహారు దాటినా ఇంకా పెద్దమనిషి కాలేదు. తల్లి కంగారుపడి అకాడమీలో అడిగితే సార్‌ను అడగమన్నారు. సార్ సంతోషించాడు. ఎంత ఆలస్యమైతే అంత మంచిదమ్మా, రెక్కలు ఇంకొన్ని దినాలు ఉంటయి అన్నాడు. ఆ తల్లి ఈ సంగతి నాకు చెప్తూ తన చేతులకేసి చూసుకుంది. తను సన్నగా పుట్టడం కూడా ఒక నేరమైనట్టు.

కాలిముందు ఎముక నొప్పి అని ఆ పిల్ల చాలా రోజులు చెప్పిందట. ఓర్చుకోమన్నారు. ఒక పోటీ మధ్యలో కూర్చుండిపోయింది. స్కానింగులో ఎముక చిట్లిందని తేలింది. ఆ ఒక్కచోటే కాదు, రెండు కాళ్ళలోనూ. ఎముక కట్టుకోవడానికి ఒంట్లో తిండి ఏదమ్మా అన్నాడట డాక్టరు. హాసిని చంకకర్రలతో ఇంటికి వచ్చింది. సార్ చూడటానికి రాలేదు.

నేనే పోయి ఆయన్ని పట్టుకున్నాను. మెట్ల మీద చాయ్ తాగుతున్నాడు. మీ లంబీ రేస్ కర్రల మీద నడుస్తోంది సార్ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించాడు. బాధ అనుకున్నాను. “తల్లి మోకాళ్ళ నొప్పులు లెవ్వన్నది. అబద్ధం చెప్పింది. నేను ఎముక చూడాల్సి ఉండె” అన్నాడు. ఆ పిల్లను ఆకలితో మాడ్చారు కదా అని నేను అరిచాను. అప్పుడు చాయ్ కప్పు కింద పెట్టి, చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకు లెక్క చెప్తున్నట్టు చెప్పాడు. “పది మందిల తొమ్మిది మంది పోతనే ఉంటరు టీచరమ్మా. పోయేటోళ్ళను చూసుకుంట కూసుంటే వచ్చేటోళ్ళను ఎవరు చూస్తరు?”

అంత శుభ్రమైన నిర్దయ నేను అంతవరకు చూడలేదు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. స్రవంతి విషయంలో ఆయన అన్నట్టే జరిగింది. పదో తరగతిలో ఆ పిల్ల ఒళ్ళు చేసింది. తల్లి పోలిక. పరుగులో ఆ తరుముడు పోయింది. మొదట రెండో స్థానం, తర్వాత అయిదు, తర్వాత లెక్కలోకి రాని స్థానం. అడుగు వేస్తే తన ఒళ్ళు తనది కానట్టు ఉండేది. సార్ మెట్లు దిగి నా దగ్గరికి వచ్చాడు. నా కోసం ఆయన మెట్లు దిగి రావడం అదొక్కసారే. “చెప్పిన గద” అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత బైనాక్యులర్ ఆ పిల్ల వైపు తిరగలేదు.

స్రవంతి మానేస్తానంది. సార్ చెప్పినట్టే అయితున్న గద మేడం అంది. ఆడపిల్ల ఒళ్ళు మారేటప్పుడు కొన్నాళ్ళు పరుగు చెదురుతుందని, కొందరికి తిరిగి వస్తుందని, కొందరికి రాదని నాకు తెలుసు. ఈ పిల్లకు వస్తుందో రాదో తెలియదు. అదే చెప్పాను. గెలవాల్సిన పని లేదు, గడియారం చూడను, నీకు ఉరకబుద్ధి అయితే రా అన్నాను. వారం రాలేదు. ఆ తర్వాత వచ్చింది. ట్రాక్ వదిలేసి రైల్వే క్వార్టర్ల పక్క నుంచి మౌలాలి గుట్ట దాకా నెమ్మదిగా పోయి రమ్మనేదాన్ని. కబుర్లు చెప్పుకుంటూ పరుగెత్తే వేగం. ఇంటర్ అంతా అట్లాగే పోయింది. ఒక్క పోటీ గెలవలేదు. ఎవరూ చూడలేదు. నాకు తెలిసి ఆ రెండేళ్ళూ ఆ పిల్లకు దొరికిన అదృష్టం అదే, ఎవరూ చూడకపోవడం.

డిగ్రీలో చేరాక మెల్లగా మొదలైంది. ఒళ్ళు కుదురుకుంది. అడుగులో బలం వచ్చింది. ఇప్పుడు మూడువేలు కాదు, పదివేలు. మొదటి సగం వెనకే ఉంటుంది, మిగతావాళ్ళకు ఆయాసం మొదలయ్యేసరికి ఈమె పని మొదలవుతుంది. పోయిన చలికాలం అదే గ్రౌండ్‌లో కాలేజీల పోటీ జరిగింది. నేను చూడ్డానికి పోయాను. సార్ ఉన్నాడు. బాగా చిక్కి, దగ్గుతూ, అయినా టోపీ, బూట్లు, బైనాక్యులర్.

చివరి రౌండ్లలో స్రవంతి అందరినీ దాటి అంత దూరం ముందుకు పోయింది. సార్ నిలబడ్డాడు. “ఎవరీ పిల్ల? ఇన్ని దినాలు ఎక్కడ దాసిన్రు? లంబీ రేస్ టీచరమ్మా, పక్కా లంబీ రేస్. తల్లిని చూసిన్రా ఎవరన్నా?”

“మీరే చూసిన్రు సార్” అన్నాను.

ఎప్పుడని అడిగాడు. అంతా చెప్పాను. ఇస్త్రీ బండి, కుర్చీ వేయకపోవడం, నడుము, అన్నీ. ఆయన బైనాక్యులర్ ఎత్తి పగలని అద్దంలోంచి ఇంకోసారి చాలాసేపు చూశాడు.

“కాదు. ఆ పిల్ల వేరే” అన్నాడు. “ఆ పిల్లకు ఈ మడమలు లెవ్వు.”

ఏమని వాదిస్తాను? ఆధార్ కార్డు తెచ్చి చూపించినా ఆయన మడమలే చూస్తాడు. ఆయన లెక్కలో స్రవంతి అనే పిల్ల బరువై పోయింది. ఈమె ఎవరో కొత్తగా దిగింది, తను ఇప్పుడే కనిపెట్టాడు. జీవితమంతా దూరం గురించి మాట్లాడిన మనిషి ఒక్క పిల్లను కూడా నాలుగేళ్ళు వరుసగా చూడలేదు. ఆ ఓపిక ఆయనకు లేదు. పందెం కాసేవాడికి రేసు అయిపోయేదాకానే ఓపిక.

స్రవంతి చెమట తుడుచుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చింది. సార్ జేబులోంచి పొట్లం తీసి, అరచెయ్యి చాపి, వేళ్ళు వెనక్కి వంచి, బెల్లం ముక్క ముందుకు చాచాడు. ఆ పిల్ల ఏదో అంటుందని, కనీసం మొహం తిప్పుకుంటుందని అనుకున్నాను. ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. థాంక్స్ సార్ అని వచ్చేసింది.

గేటు దగ్గర ఉండబట్టలేక అడిగాను, ఎందుకు తీసుకున్నవ్ అని.

“ఆకలైతుంది మేడం” అంది.

హాసిని ఇప్పుడు ఫార్మసీ చదువుతోంది. కాళ్ళు బాగయ్యాయి. మళ్ళీ ట్రాక్ ఎక్కలేదు. ఆ మధ్య వాళ్ళ షాపుకు మందుల కోసం పోతే కౌంటర్ వెనక తనే ఉంది. గెలిచిన పోటీల గురించి నేనేదో మాట కదిపాను. ఏ పోటీ తలుచుకున్నా ఆ రోజు ఏం తినలేదో అదే గుర్తొస్తుంది మేడం, పక్కన ఎవరున్నారో గుర్తు రాదు అంది. మొహం కాస్త నిండింది, బాగుంది. సార్ పోయినట్టు మొన్న ఆ పిల్లకు ఎవరో చెప్పారట. అవునా అని ఊరుకుందట. ఇంకా ఏమన్నా అందా అని వాళ్ళమ్మను అడిగాను. లేదండీ, అన్నం పెట్టమంది అని చెప్పింది ఆమె.

సంతాప సభ బాగా జరిగిందని విన్నాను. మాట్లాడినవాళ్ళంతా ఆ స్పోర్ట్స్ కోటా అమ్మాయి కథ చెప్పారట. ఇకముందు సార్ పేరు మీద అమ్మాయిల పోటీ ఒకటి పెడతారట. స్రవంతిని ముఖ్య అతిథిగా పిలుద్దామనుకుంటున్నారు. సార్ చివరి డిస్కవరీ అని.

మొన్న శనివారం గ్రౌండ్‌లో ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. చెయ్యి పట్టుకుని ఎనిమిదో తరగతి పిల్ల. ముందురోజు ఏదో స్కూలు పోటీలో ఫస్టు వచ్చిందట, ఇంకో పిల్ల సెకండు వచ్చిందట. ఆ ఇంకో పిల్ల సన్నగా ఉందట. ఆయన గొంతు తగ్గించకుండానే అడిగాడు, ఇద్దరిలో ఎవరు లాంగ్ రన్‌లో పైకొస్తారు, మా పాప ఇంకో ఆరేడేళ్ళకు ఎట్లుంటది, ఇప్పుడే తెలిస్తే చదువా ఆటా తేల్చుకుంటామని. పిల్ల నేలకేసి చూస్తోంది.

నాకు తెలువదన్నాను. ఎవరికీ తెలువదన్నాను. రేపు పంపండి, పొద్దున ఏదన్నా తిని రమ్మనండి, మిగతాది మెల్లగా చూద్దాం అన్నాను.

ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. ఇంత దూరం వచ్చి అడిగితే ఇదా అన్నట్టు చూశాడు. అటూ ఇటూ చూసి, కొంచెం మర్యాదగానే అడిగాడు.

“తెలిసినోళ్ళు ఎవరన్నా ఉన్నరా మేడం ఇక్కడ?”

“ఉండె. మొన్ననే పోయిండు” అన్నాను.